ఫ్రాన్స్‌లో పేస్ట్రీ: ఏ దుకాణం, ఏ రకం, ఎంతసేపట్లో తినాలి

ఫ్రాన్స్ యాత్రకు వెళ్లే మనవాళ్లలో పేస్ట్రీల దగ్గర రెండు రకాలవారు కనిపిస్తారు. మొదటివారు ఫోనులో చూసిన పేరున్న దుకాణం ముందు ముప్పావుగంట వరుసలో నిలబడి, పది యూరోలు పోసి కొన్న కేకును పెట్టెలో పెట్టించుకుని, ఈఫిల్ టవర్ చూసి, సేన్ నదిలో పడవెక్కి దిగి, రాత్రి హోటల్ గదిలో ఆ పెట్టె తెరుస్తారు. రెండోవారు టూర్ బస్సు కదిలిపోతుందన్న తొందరలో హోటల్ బల్ల మీది క్రువాసాన్ ఒకటి నమిలి, ఇంత పేరూ దీనికేనా అనుకుంటారు. ఇద్దరూ అసలు రుచి చూడకుండానే తిరిగివస్తారు.

దుకాణం ఎంత గొప్పదన్నది తర్వాతి మాట. కొన్నాక ఎంతసేపటికి తింటారన్నది ముందు తేల్చుకోవాలి. ఫ్రెంచి పేస్ట్రీ ఘనతంతా కరకరలాడే దాన్నీ, మెత్తగా తడిగా ఉండే దాన్నీ ఒకే ముక్కలో కలపడంలో ఉంది. ఆ కలయికకు ఆయుష్షు తక్కువ. క్రీములోని తడి నెమ్మదిగా పొరల్లోకి పాకుతుంది, గాలిలోని చెమ్మ పైపెంకును మెత్తబరుస్తుంది. ఎంత పేరుమోసిన చెఫ్ చేసినా దీన్ని ఆపలేడు. వీధి చివరి దుకాణంలో ఇప్పుడే కొని నిలబడి తిన్నది, మహా దుకాణంలో కొని ఆరు గంటలు సంచిలో మోసినదాన్ని ఓడించేస్తుంది. అందుకే కింది పోలికంతా గడియారం చూసుకుంటూ చేసినది.

పొద్దున తినేవి

క్రువాసాన్, పాన్ ఓ షోకోలా, ఎండుద్రాక్షల చుట్ట, ఆపిల్ గుజ్జు నింపిన షోసోన్. వీటన్నిటినీ కలిపి వియెన్వాజ్రీ అంటారు. పేరులోనే వియన్నా ఉంది. ఆగస్ట్ జాంగ్ అనే ఆస్ట్రియా దేశస్థుడు 1830ల చివర్లో పారిస్‌లోని రిషెల్యూ వీధిలో వియన్నా పద్ధతి బేకరీ తెరిచాక ఈ తరహా రొట్టెలకు అక్కడ గిరాకీ పెరిగింది. ఇప్పుడు క్రువాసాన్‌కు వాడే పొరల పద్ధతి మాత్రం తర్వాత ఫ్రెంచివాళ్లు పట్టిందే.

పద్ధతి ఏమిటంటే, ఈస్ట్ కలిపిన పిండి మధ్యలో వెన్న పలకను పెట్టి, మూడు మడతలు వేసి వత్తుతారు. ఆ పని మూడుసార్లు చేస్తే ఇరవై ఏడు వెన్న పొరలు ఏర్పడతాయి. మన మడత కాజాలో పొరల మధ్య పూసిన నెయ్యి, పిండి వాటిని విడదీస్తే, ఇక్కడ ఆ పని ఆవిరి చేస్తుంది. వెన్నలో సుమారు ఆరో వంతు నీరే. పొయ్యి వేడికి అది ఆవిరై పొరలను పైకి తోస్తుంది. మంచి క్రువాసాన్‌ను రెండు చేతులతో విరిచి చూడండి. పైపెంకు చప్పుడుతో పగిలి చొక్కా మీద రాలుతుంది. లోపల గుల్లగుల్లగా, కాస్త సాగుతూ విడిపోతుంది. వేలికి వెన్న తగులుతుందిగానీ, మింగాక నాలుక మీద జిడ్డు పొర మిగలదు. ఆ పొర మిగిలితే వాడింది వనస్పతి లాంటి కొవ్వని అనుమానించవచ్చు. వెన్న నోటి వేడికే కరిగిపోతుంది, అలాంటి కొవ్వులు అంత తొందరగా కరగవు.

కొనేటప్పుడు రెండు రకాలు కనిపించవచ్చు. 'ఓ బర్' అని రాసి ఉంటే వెన్నతో చేసినది, 'ఆర్దినేర్' అంటే మామూలు కొవ్వుతో చేసినది. వెన్నది తిన్నగా, మామూలుది నెలవంకలా వంకరగా చేయడం చాలాచోట్ల ఆచారం. ఆచారమే తప్ప చట్టం కాదు కాబట్టి ఆకారం చూసి నమ్మకండి, చీటీ చదవండి. ధరలో తేడా కొద్దిపాటి సెంట్లే కనుక వెన్నదే తీసుకోవాలి. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

చట్టం మాట వచ్చింది కాబట్టి చాలామందికి తెలియని ఒక మెలిక చెప్పాలి. ఫ్రాన్స్‌లో పిండి కలపడం నుంచి కాల్చడం దాకా అక్కడే చేసే చోటు మాత్రమే 'బూలాంజ్రీ', అంటే రొట్టెల దుకాణం, అని బోర్డు పెట్టుకోవాలని 1998లో చట్టం చేశారు. అది రొట్టెకు సంబంధించిన నియమం. అదే దుకాణం క్రువాసాన్లను ఫ్యాక్టరీ నుంచి గడ్డకట్టినవి తెప్పించుకుని పొయ్యిలో పెట్టి అమ్మినా బోర్డు తీసేయనక్కర్లేదు. అలా చేసేవి తక్కువేమీ కాదు. అందుకని బోర్డు చూసి ఊరుకోకుండా అద్దాల వెనక పళ్లాన్ని చూడండి. అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకే కొలతలో, ఒకే రంగులో ఉంటే అనుమానించాలి. చేత్తో చుట్టినవాటిలో ఒకటి కాస్త లావుగా, ఒకటి కాస్త ఎక్కువ కాలి ఉంటుంది. 'ఫాబ్రికాసియోన్ మేజోన్' అని, అంటే ఇక్కడే చేసినవని, రాసి ఉంటే మంచి సూచన. సొంతంగా చేసేవాళ్లు ఆ సంగతి దాచుకోరు.

ఇక వీటిలో ఏది? పొద్దున ఏడు, ఎనిమిది గంటల మధ్య దుకాణం ముందే తినే వీలుంటే క్రువాసాన్. మరేదీ దానికి సాటి రాదు. తినేసరికి గంట, రెండు గంటలు గడుస్తాయంటే పాన్ ఓ షోకోలా మేలు. పెంకు మెత్తబడినా లోపలి చాక్లెట్ కడ్డీలు పరువు కాపాడతాయి. బోర్డో, టూలూజ్ వైపు దీన్నే షోకోలాతీన్ అంటారు, అక్కడ ఆ పేరుతోనే అడగండి. మధ్యాహ్నం రైల్లో తినడానికైతే బాదం క్రువాసాన్ తీసుకోండి. ముందురోజు మిగిలిన క్రువాసాన్‌ను చక్కెర పాకంలో ముంచి, బాదం క్రీము పెట్టి, మళ్లీ కాల్చి చేసేది కాబట్టి అది పుట్టడమే చద్దిగా పుట్టింది. ఇంకో నాలుగు గంటలు ఆగినా దానికి పెద్దగా పోయేదేమీ లేదు. బరువు మాత్రం ఎక్కువ. ఒకటి ఇద్దరికి సరిపోతుంది.

హోటల్ ఫలహారం సంగతి వేరే చెప్పాలి. పారిస్‌లో మధ్యతరగతి హోటళ్లు ఫలహారానికి మనిషికి 12 నుంచి 20 యూరోల దాకా విడిగా వసూలు చేస్తాయి. బయట మామూలు బూలాంజ్రీలో వెన్న క్రువాసాన్ 1.20 నుంచి 1.60 యూరోల మధ్య దొరుకుతుంది. కాఫీ కలిపినా ఐదు యూరోలు దాటడం అరుదు. గది బుక్ చేసేటప్పుడే ఫలహారం వద్దని పెట్టుకుంటే ఆ డబ్బుతో మధ్యాహ్నం మంచి కేకు తినవచ్చు. ప్యాకేజీ టూర్లో వెళ్లినవాళ్లకు ఆ ఎంపిక ఉండదు. వాళ్లు బస్సుకు అరగంట ముందు లేచి వీధిలోకి వెళ్లి రావడమే. ఏడింటికల్లా చాలా దుకాణాలు తెరిచే ఉంటాయి. ఒక్క జాగ్రత్త తీసుకోండి. చాలా దుకాణాలకు వారంలో ఒక సెలవు ఉంటుంది, తరచుగా అది సోమవారం. ఆగస్టులో అయితే యజమానులు వారాల తరబడి తలుపులు మూసి సెలవులకు వెళ్లిపోతారు.

ఎక్కడ కొనాలి

వీధి బూలాంజ్రీ, చెఫ్ పేరున్న పాటిస్రీ (కేకుల దుకాణం), కూర్చుని తినే టీశాల, రెస్టారెంటు, సూపర్‌మార్కెట్. ఐదు దారులున్నాయి, ఐదింటికీ వేళలు వేరు.

వీధి బూలాంజ్రీలో రొట్టెల పక్కన ఎక్లేర్ (క్రీము నింపిన పొడవాటి పేస్ట్రీ), ఫ్లాన్ (కాల్చిన కస్టర్డ్ ముక్క), ఆపిల్ టార్ట్, నిమ్మ టార్ట్ ఉంటాయి. ఒక్కొక్కటి మూడు నుంచి ఐదు యూరోలు. వీటిలో అద్భుతాలు తక్కువ, ఆశాభంగాలూ తక్కువే. పేరున్న చెఫ్‌ల పాటిస్రీల్లో అదే ముక్క ఎనిమిది, పది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. అక్కడ ప్రతి ముక్కా నగల దుకాణంలో పెట్టినట్టు పెడతారు. అంత పెట్టడం దండగని నేననను. పొరపొరకూ వేరే రుచి, తీపి తగ్గించి పండు పులుపును, గింజల కమ్మదనాన్ని పైకి తేవడం అక్కడే బాగా తెలుస్తుంది. కానీ కొన్నాక పదిహేను నిమిషాల్లో కూర్చుని తినే చోటు ముందే చూసుకున్నవాళ్లే అక్కడికి వెళ్లాలి. పార్కు బెంచీ చాలు. లుక్సంబూర్ తోటలో ఆకుపచ్చ ఇనుప కుర్చీలు ఊరికే దొరుకుతాయి. చెమ్చా మాత్రం దుకాణంలోనే అడిగి తీసుకోండి.

టీశాల, అంటే సలోన్ ద తే, ఖరీదైన దారి. రివోలీ వీధిలో 1903 నుంచి ఉన్న ఆంజెలీనా, 1862లో మొదలైన లాదురే లాంటివి ఈ కోవలోవి. అదే కేకుకు బల్ల దగ్గర ఎక్కువ ధర పడుతుంది, వరుస కూడా పొడవే. అయినా పొద్దుట్నుంచి నడిచి మోకాళ్లు పట్టేసిన పెద్దవాళ్లను తీసుకెళ్తే ఆ డబ్బు పెట్టండి. పారిస్ నడిబొడ్డున కూర్చునే చోటు, మరుగుదొడ్డి, వేడి పానీయం ఒకేచోట దొరకడం చిన్న విషయం కాదు. ఆంజెలీనాలో చిక్కటి వేడి చాక్లెట్, మోన్‌బ్లాన్ రెండూ ప్రసిద్ధం. తెల్లసొనతో కాల్చిన గుల్ల మెరాంగ్ మీద మీగడ, దానిమీద సేమియాలా పిండిన చెస్ట్‌నట్ గుజ్జు వేస్తే మోన్‌బ్లాన్. చాలా తీపి. ఇద్దరికి ఒకటి చాలు. మెరాంగ్ తడి తగిలితే జావ అవుతుంది కాబట్టి దాన్ని పొట్లం కట్టించుకోవడంలో అర్థం లేదు.

రెస్టారెంట్లో భోజనం చివర 'కఫే గుర్మాన్' అని మెనూలో కనబడితే వదలకండి. చిన్న కప్పు కాఫీతో పాటు మూడు నాలుగు బుల్లి తీపివంటకాలు పళ్లెంలో పెట్టి ఇస్తారు. ఏది నచ్చుతుందో తెలియనివాళ్లకు ఇంతకంటే చవకైన పరీక్ష లేదు. టార్ట్ తతాన్ కూడా రెస్టారెంట్లోనే తినాలి. వెన్నలో, చక్కెరలో ఆపిల్ ముక్కలు ఎర్రగా వేగాక పిండి కప్పి కాల్చి తిరగేసి వడ్డించే ఆ వంటకం గోరువెచ్చగా ఉంటేనే బాగుంటుంది. దుకాణం అద్దాల వెనక చల్లారినది దాని నీడ మాత్రమే.

సూపర్‌మార్కెట్‌ను తేలిగ్గా చూడకండి. అక్కడి మదలీన్ల (గవ్వ ఆకారపు చిన్న కేకుల) పొట్లం, వెన్న బిస్కెట్లు బడ్జెట్‌లో తిరిగే విద్యార్థులకు రోజులు గడిపేస్తాయి. 'ప్యూర్ బర్' అని ఉంటే వాడిన కొవ్వు వెన్న ఒక్కటే. పైగా పొట్లం మీద ఏమేమి కలిపారో పూర్తిగా రాసి ఉంటుంది. ఇది ఎందుకంత ముఖ్యమో శాకాహారుల దగ్గర చెబుతాను.

ఏ దుకాణమైనా లోపలికి అడుగుపెట్టగానే 'బోంజూర్' అనడం మరవకండి. మన దగ్గర నేరుగా 'రెండు ఇవ్వండి' అంటే ఎవరూ ఏమీ అనుకోరు. అక్కడ పలకరింపు లేకుండా వేలు చూపిస్తే మర్యాద తెలియనివాళ్లుగా చూస్తారు. 'సూర్ ప్లాస్' అని అడిగితే ఇక్కడే తింటారా అని, 'ఆంపోర్తే' అంటే పొట్లం కట్టమంటారా అని.

క్రీము రకాలు, గడియారం

మిల్‌ఫెయ్ అన్నిటికంటే తొందరపెట్టేది. మూడు కరకర పలకలు, మధ్యలో రెండు వరుసల వెనిల్లా కస్టర్డ్. మంచి దుకాణాలు దాన్ని పొద్దున కాకుండా అమ్మే వేళకు దగ్గరగా నింపుతాయి. కొన్నిచోట్ల అడిగాకే నింపిస్తారు, అలాంటి చోటు దొరికితే అదృష్టం. దాన్ని పైనుంచి చెమ్చాతో నొక్కితే క్రీమంతా పక్కలకు వచ్చి పళ్లెం నిండుతుంది. పక్కకు పడుకోబెట్టి, పలకల అంచుల మీదుగా కోయాలి. అప్పుడు ప్రతి ముక్కలో కస్టర్డ్, పొర రెండూ సరిగ్గా వస్తాయి. సాంతోనోరే కూడా ఇదే తొందర జాతి. పాకం పట్టిన చిన్న చిన్న షూ ఉండలు (ఉడికించిన పిండిలో గుడ్డు కలిపి కాల్చితే లోపల డొల్లగా పొంగేవి) గుండ్రంగా పేర్చి మధ్యలో క్రీము పిండుతారు. ఆ పాకపు పెంకు గంట, రెండు గంటల్లో చెమర్చి బంకగా మారుతుంది.

వీటికంటే ఓర్పు గలవి ఎక్లేర్, రెలిజియూజ్ (ఒకదానిమీద ఒకటి పెట్టిన రెండు క్రీము ఉండలు), పారీ-బ్రెస్ట్. మూడింటికీ ఒకే షూ పిండి. ముందే మెత్తగా ఉండే రకం కాబట్టి గంట, గంటన్నర ఆగగలవు. మూడింట్లో ఒక్కటే ఎంచుకోమంటే నేను పారీ-బ్రెస్ట్ వైపే. పారిస్ నుంచి బ్రెస్ట్ దాకా వెళ్లి తిరిగివచ్చే సైకిల్ పందెం 1891లో మొదలైంది. ఆ దారిలో ఉన్న మేజోన్-లఫీత్ ఊళ్లో లూయీ ద్యురాన్ అనే పేస్ట్రీ వంటవాడు 1910లో సైకిల్ చక్రం ఆకారంలో దీన్ని చేశాడని చెబుతారు. లోపల వేయించిన హేజిల్‌నట్, బాదం, చక్కెర కలిపి నూరిన ప్రాలీన్ క్రీము. జీడిపప్పు, పల్లీ రుచులు ఎరిగిన మన నాలుకకు ఇది పరాయిగా అనిపించదు. అంతగా తీపి ఇష్టపడనివాళ్లకు నిమ్మ టార్ట్. నిజంగా పుల్లగా ఉంటుంది. మీద మెరాంగ్ లేనిది అడిగితే ఇంకా మంచిది.

మధ్యాహ్నం దాకా మోయాలంటే ఫ్లాన్. గుడ్డు, పాలు, వెనిల్లా కస్టర్డ్‌ను పిండి గిన్నెలో పోసి, పైన మచ్చలు పడేదాకా కాల్చిన దిట్టమైన ముక్క. ఫ్రెంచి పిల్లలు బడి వదిలాక నాలుగు గంటల వేళ చేతిలో పట్టుకుని తినే రకాల్లో అదొకటి. చూపుకు సాదాసీదా కాబట్టి పర్యాటకులు దాన్ని దాటేసి రంగుల కేకుల దగ్గరకు పోతారు. నన్నడిగితే ఒక కొత్త దుకాణాన్ని అంచనా వేయడానికి ఫ్లానే సరైన పరీక్ష. అలంకారం వెనక దాగడానికి వీల్లేదు దానికి. అయితే కస్టర్డ్ ఉన్నదేదైనా వేసవి ఎండలో రెండు గంటలకు మించి సంచిలో పెట్టకండి. పాలు, గుడ్డు కలిసిన క్రీము పాడైతే యాత్రలో ఒకరోజు పోతుంది.

రోజుల తరబడి నిలవుండే వాటికి ఫ్రెంచివాళ్లలో ఒక వర్గమే ఉంది. గాతో ద వొయాజ్, అంటే ప్రయాణపు కేకులు. నిమ్మ కేకు, బాదం పొడితో చేసే ఫినాన్సియే, మదలీన్ ఇలాంటివి. క్రీము లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు. రోజంతా మ్యూజియంలో తిరిగే ప్లాన్ ఉంటే పొద్దున నాలుగు ఫినాన్సియేలు కొని సంచిలో వేసుకోవడమే తెలివి. ఎవరి ఫోటోలోనూ మెరవవు, అంతే లోటు.

గుడ్డు, జెలటిన్, రమ్

మన ప్రయాణికులలో చాలామందికి అసలు చిక్కు ఇక్కడే. గుడ్డు తినేవాళ్లు కూడా కింది రెండు పేరాలు చదవండి, ఎందుకంటే జెలటిన్ గుడ్డు కాదు.

మూస్‌లు, బవరువా, షార్లోత్ అనే మెత్తటి క్రీము తీపివంటకాలు, అద్దంలా మెరిసే పూత వేసిన గుండ్రటి కేకులు నిలబడేది సాధారణంగా జెలటిన్ వల్ల. అది పంది, ఆవు లేదా చేప నుంచి తీసినది. కళ్లు చెదిరే ఆధునిక కేకుల్లో ఎక్కువ భాగం ఈ జాబితాలోకే వస్తాయి. సాంతోనోరేలో పాతకాలపు షిబూస్త్ క్రీము (కస్టర్డ్‌లో గిలక్కొట్టిన తెల్లసొన కలిపినది) వాడితే అందులోనూ ఉంటుంది. గిమోవ్ అనే మార్ష్‌మాలో ఎలాగూ జెలటినే. పాత పద్ధతిలో చేసే ఎక్లేర్, ఫ్లాన్, మామూలు మిల్‌ఫెయ్, పారీ-బ్రెస్ట్‌లలో దాని అవసరం లేదు. అయినా కొందరు చెఫ్‌లు క్రీము గట్టిపడేందుకు కొంచెం వేస్తారు కాబట్టి అడగాలి. 'జెలాతీన్?' అని ఒక్క మాట చాలు, వాళ్లకు అర్థమవుతుంది.

చాలామంది పొరపడే చోటు ఒకటుంది. ఐరోపా నిబంధనల ప్రకారం అలర్జీ కలిగించే 14 పదార్థాల వివరం దుకాణంలో రాసి ఉండాలి. అడిగితే ఒక ఫైలు చూపిస్తారు. అందులో గుడ్డు, పాలు, గింజలు, గోధుమ, చేప ఉంటాయి. పంది, ఆవు జెలటిన్ అలర్జీ పదార్థాల్లో లేదు, రమ్ లేదు. ఆ ఫైల్లో కనబడలేదు కదా అని నిశ్చింతగా తినేయడానికి లేదు. సూపర్‌మార్కెట్ పొట్లం మీద మాత్రం కలిపినవన్నీ రాయాల్సిందే కాబట్టి కఠిన శాకాహారులకు అదే ఎక్కువ భరోసా. ఎరుపు, గులాబీ రంగు మాకరోన్లలో (బాదం పొడి, తెల్లసొనతో చేసి మధ్యలో ముద్ద పెట్టే గుండ్రటి జంట బిస్కెట్లలో) ఈ120 అని కనిపిస్తే అది కీటకాల నుంచి తీసే రంగు.

గుడ్డు పూర్తిగా మానినవాళ్లకు దారులు తక్కువే కానీ ఉన్నాయి. క్రువాసాన్ పిండిలో సాధారణంగా గుడ్డు ఉండదు, పైన మెరుపు కోసం పూసేది మాత్రం గుడ్డే. దాన్ని ఒప్పుకునేవాళ్లు క్రువాసాన్, పాన్ ఓ షోకోలా, ఆపిల్ షోసోన్ తినవచ్చు. ఒప్పుకోనివాళ్లకు పాల్మియే, అంటే పొరల పిండి, చక్కెర తప్ప మరేమీ లేని పెద్ద చెవుల బిస్కెట్, చాలాచోట్ల సరిపోతుంది. బ్రెతాన్ ప్రాంతపు కూయిన్ అమన్‌లోనూ రొట్టె పిండి, వెన్న, చక్కెరే. పారిస్‌లో గుడ్డు, పాలు ఏవీ వాడని బేకరీలు కూడా వచ్చాయి. లాండ్ అండ్ మంకీస్ అలాంటిదే, దానికి నగరంలో శాఖలున్నాయి. వెన్న లేని క్రువాసాన్ వెన్న క్రువాసాన్‌తో సమానమని నేను చెప్పను. కానీ కుటుంబంలో ఒక్కరే చేతులు కట్టుకుని కూర్చునే పరిస్థితి తప్పుతుంది.

మద్యం సంగతి. బాబా ఓ రోమ్ అంటేనే రమ్‌లో తడిపిన కేకు. కొన్ని దుకాణాలు పక్కన చిన్న గొట్టంలో అదనపు రమ్ కూడా ఇస్తాయి. 1730లో నికొలా స్టోరే పారిస్‌లోని మోంతోర్గే వీధిలో తెరిచిన పాటిస్రీ నేటికీ నడుస్తోంది, బాబా అక్కడి పేరున్న వంటకం. చూసి రావడానికైనా ఆ వీధికి వెళ్లండి. కానెలే అనే బోర్డో చిన్న కేకులో రమ్ తప్పనిసరి. కాల్చినప్పుడు చాలామటుకు ఆవిరైనా వాసన తెలుస్తూనే ఉంటుంది. ఉప్పటి రకాల్లో కీష్ లొరేన్ చూపుకు టార్ట్‌లా ఉన్నా అందులో పంది మాంసం ముక్కలుంటాయి.

పారిస్ దాటితే

ప్రాంతీయ రకాలను పారిస్‌లోనే తినేయవచ్చా, ఆ ఊరికే వెళ్లాలా? రకాన్ని బట్టి నా జవాబు మారుతుంది.

కానెలే కోసం బోర్డో దాకా వెళ్లడం నిజంగానే తేడా చూపిస్తుంది. చిన్న రాగి అచ్చుల్లో నల్లబడేదాకా కాల్చే ఆ ముద్ద బయట పగిలే పెంకు, లోపల జున్నులా వణికే మెత్తదనం. పొయ్యి దించిన కొన్ని గంటల్లోనే పెంకు మెత్తబడుతుంది కాబట్టి గిరాకీ ఎక్కువై రోజంతా కాల్చే ఊళ్లోనే దాని అసలు రూపం దొరుకుతుంది. పారిస్ నుంచి టీజీవీ అనే అతివేగపు రైల్లో రెండు గంటల పైచిలుకు దూరం. కేవలం దానికోసమే కాకపోయినా, ఆ వైపు వెళ్లేవాళ్లు సాయంత్రం కాకుండా పొద్దున కొనండి.

కూయిన్ అమన్‌కు అంత పట్టింపు లేదు. బ్రెతాన్ తీరంలోని దుయార్నెనే ఊరు దాని పుట్టిల్లు. అక్కడ వెన్నలో ఉప్పు ఉంటుంది. పాత రాచరికంలో ఉప్పు పన్ను ఆ ప్రాంతానికి లేకపోవడంతో ఉప్పు వెన్న అలవాటు స్థిరపడిపోయింది. అడుగున కరిగి గట్టిపడిన చక్కెర, మీద ఉప్పటి వెన్న పొరలు. రెండు రోజులాగినా కొంచెం వేడిచేస్తే లేచి కూర్చుంటుంది. పారిస్‌లో మంచి దుకాణంలో కొన్నా నష్టం లేదు.

స్ట్రాస్‌బూర్‌కు క్రిస్మస్ సంత చూడడానికి వెళ్తే కూగ్లోఫ్ కొనండి. మట్టి అచ్చులో కాల్చిన ఎండుద్రాక్షల బ్రియోష్ (వెన్న, గుడ్డు కలిపిన మెత్తటి రొట్టె) అది. కాఫీలో ముంచుకుంటే బాగుంటుంది, విడిగా కాస్త పొడి. లియోన్‌లో గులాబీ రంగు ప్రాలీన్ టార్ట్ చూడడానికి ఎంత బాగుంటుందో అంత తీపి. నేనైతే సగంలోనే ఆపేస్తాను. దక్షిణ తీరానికి వెళ్లేవాళ్లకు సాన్ త్రోపేలో 1955 ప్రాంతంలో పుట్టిన త్రోపేజియెన్ ఉంది. బ్రియోష్‌ను అడ్డంగా కోసి క్రీము నింపినది. అప్పట్లో అక్కడ సినిమా చిత్రీకరణకు వచ్చిన బ్రిజిట్ బార్డో ఆ పేరు సూచించిందని చెబుతారు. ఎండలో క్రీము నిలవదు, నీడలో కూర్చుని తినండి.

జనవరిలో వెళ్తే మాత్రం ఇవన్నీ పక్కనబెట్టి గాలెత్ దె రువా తినండి. పొరల పిండి మధ్య బాదం క్రీము. లోపల ఎక్కడో ఒక చిన్న పింగాణీ బొమ్మ దాస్తారు, అది వచ్చినవాళ్లు ఆ పూటకు రాజో రాణో. పిల్లలకు, కట్టుడు పళ్లున్న పెద్దలకు ముందే చెప్పి పెట్టండి, లేకపోతే కిరీటం బదులు దంతవైద్యుడు దొరుకుతాడు.

ఇంటికి తెచ్చేవి

అందరూ తెచ్చేది మాకరోన్లు. అవి చెడ్డ ఎంపిక కాదు. చల్లగా ఉంచితే మూడు నాలుగు రోజులు బాగుంటాయి, శార్ల్ ద గోల్ విమానాశ్రయంలోనే లాదురే దుకాణం ఉంది కాబట్టి ఊరంతా మోయనక్కర్లేదు. పెళుసు కనుక చేతిసంచిలోనే పెట్టుకోవాలి. మే నెలలో హైదరాబాద్‌లో దిగి అక్కడినుంచి బస్సెక్కి ఊరికి పోయేవాళ్లు మాత్రం వాటి జోలికి పోకండి. లోపలి చాక్లెట్ ముద్ద కారి రేకులన్నీ అంటుకుపోతాయి. ఆ వేసవికి తట్టుకునేవి బ్రెతాన్ వెన్న బిస్కెట్ల రేకు డబ్బా, దక్షిణాన ఎక్స్ ఊరి కలిసోన్లు అనే బాదం మిఠాయిలు. పంచుకోవడానికి తేలిక, వారాల తరబడి నిలవుంటాయి. మెత్తటి కారమెల్ సీసాలు, జాములు చేతిసంచిలో పెడితే భద్రతా తనిఖీలో ద్రవాల కింద లెక్కగట్టి తీసేసుకుంటారు, వాటిని పెద్ద పెట్టెలో సర్దండి.

బిస్కెట్లలో సాధారణంగా గుడ్డు ఉంటుంది, కలిసోన్ పైనున్న తెల్లటి పూతలో తెల్లసొన ఉంటుంది. గుడ్డు ముట్టని ఇంటికి తీసుకెళ్లాల్సింది పాత్ ద ఫ్రూయీ. పండ్ల గుజ్జును చక్కెరతో ఉడికించి పెక్టిన్‌తో (పండ్ల నుంచి తీసే పదార్థంతో) గట్టిపరిచి చతురస్రాలుగా కోసినవి. ఓవెర్న్ ప్రాంతం వాటికి పేరు. దాదాపు మన మామిడి తాండ్రకు బంధువులే కాబట్టి పెద్దవాళ్లకు వెంటనే నచ్చుతాయి. డబ్బా మీద జెలటిన్ లేదని ఒకసారి చదివి నిర్ధారించుకుని, మాకరోన్ల డబ్బాకు దూరంగా, అమ్మమ్మ పేరు రాసి విడిగా సర్దండి.